వామనయంత్రము

రాబోవు కాలమును ముందుగా తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజమైనది. వానమబ్బును చూచి రైతు పంటను ఊహించును. గాలివాటును చూచి పల్లెవాడు చేపలవేటను ఊహించును. ఇట్టి ఊహలలో కొన్ని ఫలించును, కొన్ని తప్పిపోవును. ఫలించిన ఊహకును, తప్పిన ఊహకును గల భేదమేమి? ఈ ప్రశ్నకు గణకయంత్రముల చరిత్ర చక్కని సమాధానము నొసగుచున్నది.

1946వ సంవత్సరమున అమెరికా దేశములోని ఫిలడెల్ఫియా నగరమునందు ‘ఎనియాక్’ అను గణకయంత్రము లోకమునకు ప్రదర్శింపబడెను. అది ఒక పెద్ద గదిని పూర్తిగా ఆక్రమించెను. దాని బరువు సుమారు 30 టన్నులు. దానిలో దాదాపు 18,000 గాజు వాల్వు లుండెను. అవి దీపములవలె వేడెక్కుచు, తరచుగా మాడిపోవుచుండెను. 1949లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ పత్రిక, భవిష్యత్తులో ఇట్టి యంత్రములు వేయి వాల్వులతో, ఒకటిన్నర టన్ను బరువుతో నుండవచ్చునని వ్రాసెను. ఆనాడు అది సాహసోపేతమైన ఊహయే. ముప్పది టన్నుల యంత్రము ఒకటిన్నర టన్నునకు తగ్గునన్నచో నమ్మినవా రెందరుందురు? కాని ఆ ఊహకు లోపమొకటి గలదు. వాల్వుల సంఖ్య తగ్గునని పత్రిక తలచినదే కాని, వాల్వులే మాయమగునని తలపలేదు. అంతకుముందే, 1947 డిసెంబరులో, బెల్ పరిశోధనశాలయందు ట్రాన్సిస్టరు పుట్టియుండెను.

ట్రాన్సిస్టరు అనగా నేమి? కాలువకు తూము ఎట్టిదో, విద్యుత్ప్రవాహమునకు ట్రాన్సిస్టరు అట్టిది. తూము తలుపు నెత్తినచో నీరు పారును, దించినచో నిలిచిపోవును. అట్లే స్వల్పమైన విద్యుత్పీడనముచే ట్రాన్సిస్టరులోని ప్రవాహమును సాగనీయవచ్చును, ఆపవచ్చును. సాగిన ప్రవాహము ఒకటి; ఆగిన ప్రవాహము సున్న. ఈ రెండు గుర్తులతోనే గణకయంత్రము కూడికలు చేయును, అక్షరములను వ్రాయును, చిత్రములను చూపును. 1958లో జాక్ కిల్బీయు, 1959లో రాబర్ట్ నోయిసును వేర్వేరుగా కృషిచేసి, ఒకే పలకపై పెక్కు విద్యుత్పరికరములను నిర్మించు విధానమును కనుగొనిరి. దాని కే ‘చిప్’ అను పేరు స్థిరపడినది.

నోయిసుతో కలసి పనిచేయుచుండిన గార్డన్ మూర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1965 ఏప్రిల్‌లో ఒక వ్యాసము వ్రాసెను. గడచిన కొన్ని యేండ్ల లెక్కలను ఆయన పరిశీలించి, ఒక చిప్‌పై నిముడు పరికరముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నట్లు గ్రహించెను. అప్పటి కా సంఖ్య అరువది ప్రాంతమున నుండెను. ఈ వేగమే కొనసాగినచో 1975 నాటికి అది 65,000 కాగలదని ఆయన అంచనా వేసెను.

రెట్టింపు యొక్క మహిమ తెలియనివారి కిది అతిశయోక్తిగా తోచును. చదరంగమును కనిపెట్టిన పండితుని కథ అందరును వినినదే. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు చొప్పున ధాన్యమిమ్మని ఆ పండితుడు కోరగా, రాజు ‘ఇంతేకదా’ యని నవ్వెను. చివరకు రాజ్యములోని ధాన్యమంతయు చాలకపోయెను. పదిమారులు రెట్టించినచో ఒకటి వేయి దాటును. ఇరువదిమారులు రెట్టించినచో పదిలక్షలు దాటును. మూర్ ఈ లెక్కనే నమ్మెను. ఇండ్లలో గణకయంత్రములు వెలయుననియు, మోటారుబండ్లను నడపుటకు స్వయంచాలక సాధనములు వచ్చుననియు, మనుష్యులు తమవెంట గొనిపోగల వార్తాసాధనము లేర్పడుననియు ఆయన ఆ వ్యాసముననే సూచించెను. 1975లో తన లెక్కను తానే సవరించి, ఇకమీదట సంఖ్య రెండేండ్ల కొకమారు రెట్టింపగునని చెప్పెను. తన మాటను తానే దిద్దుకొనుట శాస్త్రజ్ఞునకు చిన్నతనము కాదు, అది శాస్త్రధర్మము.

ఆ ఊహ ఎంతవరకు ఫలించెను? జపానులోని ఒక లెక్కయంత్రముల సంస్థ కోరికపై ఇంటెల్ సంస్థ ‘4004’ అను ప్రాసెసరును తయారుచేసి, 1971లో విక్రయమునకు విడుదల చేసెను. దానియందు 2,300 ట్రాన్సిస్టర్లు మాత్రమే యుండెను. 2023లో ఆపిల్ సంస్థవారి చేతిఫోనులో వచ్చిన ‘ఏ17 ప్రో’ అను చిప్‌నందు 1,900 కోట్ల ట్రాన్సిస్టర్లు గలవు. అనగా 52 ఏండ్లలో సంఖ్య సుమారు 23 మారులు రెట్టింపయినది. వామనుడు చిన్న రూపమున వచ్చి ముల్లోకములను కొలిచినట్లు, గోరంత చిప్ లోకమంతటను వ్యాపించినది.

ఐనను ఏ పెరుగుదలయు నిరంతరము సాగదు. మూర్ చెప్పినది సూర్యోదయమువలె తప్పక జరుగు ప్రకృతిధర్మము కాదు. వేలకొలది ఇంజనీర్ల పట్టుదలచే నిలిచిన ఒక గడువు మాత్రమే. 1974లో రాబర్ట్ డెన్నార్డ్ అను ఇంజనీరు, ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది దానికి కావలసిన విద్యుత్పీడనమును కూడ తగ్గించవచ్చునని, అందుచే చిప్ వేడి పెరగదని తన సహచరులతో కలసి వివరించెను. ముప్పదియేండ్ల కాలము ఈ సూత్రము పనిచేసెను. ఆ మీదట తూము తలుపు మరీ పలుచనై, మూసియున్నను ప్రవాహము కారజొచ్చెను. కారిన ప్రవాహము వేడిగా మారెను. ఈ తీరున సాగినచో చిప్‌లోని వేడి అణురియాక్టరును మించునని 2001లో ఇంటెల్ సంస్థలోని నిపుణుడే హెచ్చరించెను. ఆ కాలమున ప్రాసెసరు వేగము త్వరలో 10 గిగాహెర్ట్‌జ్ చేరునని పలువు రాశించిరి. కాని 2004లో పెంటియం 4 అను ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్‌జ్ కడనే ఆగిపోయెను. గీతను ముందుకు పొడిగించి చూచినవారి ఊహ తప్పెను. వేడిని లెక్కించినవారి ఊహ నిలిచెను.

ఒక ఎద్దు లాగలేని బండికి రెండెద్దులను కట్టుట రైతు కెరుకయే. 2005 నుండి సామాన్యుల గణకయంత్రములందును ఒకే చిప్‌పై రెండు, పిమ్మట నాలుగు, ఎనిమిది ప్రాసెసరు భాగములను అమర్చజొచ్చిరి. కాని దీనికిని హద్దు గలదు. పెండ్లివంటలో కూరలు తరుగుటకు పదిమంది చేరినచో పని త్వరగా ముగియును. ఉడుకుచున్న అన్నము మాత్రము వంటవారి సంఖ్యను చూచి తొందరపడదు. పనిలో పదవవంతు విభజింపరానిదైనచో, ఎన్ని ప్రాసెసర్లు కూడినను వేగము పదిరెట్లను మించజాలదు. ఈ విషయమును జీన్ ఆమ్‌డాల్ 1967లోనే గుర్తించెను.

ఈలోపుగా మరియొక మార్గము ఇంగ్లాండులో తెరువబడెను. కేంబ్రిడ్జ్ నగరమున సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను ఇరువురు 1985లో ‘ఆర్మ్’ అను సరళమైన ప్రాసెసరును రూపొందించిరి. తొలి చిప్ ఎంత విద్యుత్తును వాడుచున్నదో తెలిసికొనుటకు ఫర్బర్ మాపకమును అమర్చగా, అది సున్నను చూపెను. చిప్ మాత్రము చక్కగా పనిచేయుచునే యుండెను! తరచి చూడగా, దానికి విద్యుత్తు నందించు తీగ అసలు కలుపబడనే లేదు. ఇరుగుపొరుగు భాగములనుండి సంకేతములతో వచ్చిన కొద్దిపాటి విద్యుత్తే దానికి సరిపోయినది. ఆ మితవ్యయగుణమే తరువాతి కాలమున చేతిఫోనులకు ప్రాణాధారమయ్యెను. ఏలయన, చేతిఫోనునకు ఫ్యాను లేదు. దాని బ్యాటరీ మిక్కిలి చిన్నది. 2011లో మరియొక యుక్తి వెలువడెను. కష్టమైన పనికి బలమైన ప్రాసెసరును, తేలికపనికి పొదుపరియైన చిన్న ప్రాసెసరును ఒకే చిప్‌పై నుంచిరి. ఊరిలో కమ్మరి, కుమ్మరి, వడ్రంగి ఎవరి పని వారు చేయునట్లు, నేటి చిప్‌లో చిత్రములకు, శబ్దమునకు, మాటలను గుర్తించుటకు వేర్వేరు విభాగములు గలవు.

ఇక రేపటి మాట. సిలికాను స్ఫటికమునందు పొరుగు పరమాణువుల నడుమ దూరము నానోమీటరులో నాలుగవవంతుకంటె తక్కువ. పరమాణువును మించి తూమును చిన్నది చేయుట సాధ్యము కాదు. ‘3 నానోమీటర్లు’ అను పేరు నేడు ఒక తరము చిప్‌లకు గుర్తే కాని, దానిలోని ఏ భాగముయొక్కయు నిజమైన కొలత కాదు. కావున ఇంజనీర్లు ఇతర మార్గములను వెదకుచున్నారు. తూమును ఒక వైపునుండి గాక నాలుగు వైపులనుండి బిగించు ట్రాన్సిస్టర్లు 2022 నుండి తయారగుచున్నవి. ఒకే పెద్ద చిప్‌నకు బదులు, పలు చిన్న చిప్‌లను ప్రక్కప్రక్కన కూర్చుటయు, మిద్దెపై మిద్దెవలె పేర్చుటయు సాగుచున్నవి. ఈ మార్గములు ఇంకను విస్తరించునని చెప్పుట సాహసము కాదు. వాటి పునాదులు కంటికి కనబడుచున్నవి. గృహములందును, చేతిఫోనులందును క్వాంటం ప్రాసెసర్లు త్వరలో వెలయునని చెప్పుట మాత్రము సాహసమే. ఏలయన, అట్టి యంత్రములలో పెక్కింటిని నేడు అంతరిక్షముకన్న చల్లనైన స్థితిలో నుంచవలసి వచ్చుచున్నది.

ప్రాసెసరు ఎంత పెరిగినను దాని నుపయోగించు విధము పెరగనిచో ఫలము తక్కువ. యంత్రము వేగమందుకొన్నదానికంటె త్వరితముగా ప్రోగ్రాములు మందగించుచున్నవని నికొలాస్ విర్త్ అను స్విస్ శాస్త్రజ్ఞుడు 1995లోనే హెచ్చరించెను. సోమరితనముతో వ్రాసిన ప్రోగ్రాము, బాగుగా పనిచేయు ఫోనును కూడ పాతదానిని చేసి చెత్తకుప్పకు పంపును. ట్రాన్సిస్టర్లు ఊరక రెట్టింపగుచుండిన కాలమున ఈ దుబారా కంటబడలేదు. ఇకమీదట అట్టి వెసులుబాటు ఉండదు. కావున రాబోవు ప్రగతి పరికరముల సంఖ్యలో కన్న, వాటిని పొదుపుగా వాడు నేర్పులో నుండును. ఆ నేర్పునకు పుట్టిల్లు ఒక దేశమే కానక్కరలేదు. చెన్నైలోని ఐ.ఐ.టి.యందు ‘శక్తి’ అను ప్రాసెసరు రూపొందినది. హైదరాబాదు నగరమున ఎందరో ఇంజనీర్లు ప్రాసెసర్ల రూపకల్పనయందు నిమగ్నులై యున్నారు.

గార్డన్ మూర్ 2023 మార్చిలో 94 ఏండ్ల వయస్సున మరణించెను. రెట్టింపులు శాశ్వతముగా సాగవని ఆయన స్వయముగా 2003లో ఒక సభయందు చెప్పియుండెను. ఐనను ఆ ముగింపును వాయిదా వేయవచ్చునని కూడ పలికెను. తన ఊహకు గల బలమును, హద్దును రెండింటిని ఎరిగియుండుటయే ఆయన గొప్పతనము. కోరికను చూచి కాక కారణమును చూచి ఊహించువాడే భవిష్యత్తును కొంతవరకైనను చూడగలడు.

ప్రశ్నలు

1. 1949 నాటి పత్రిక ఊహలోని లోపమెట్టిది?
2. మూర్ తన లెక్కను ఎప్పుడు, ఎట్లు సవరించెను?
3. ప్రాసెసర్ల వేగము 2004లో నిలిచిపోవుటకు కారణమేమి?
4. ‘వామనయంత్రము’ అను పేరు ఈ పాఠమునకు ఎట్లు తగియున్నది?