మృగయాధర్మం – పాదచారి వేటగాని దృష్టి
(అనంతపురం పీఠభూమి నేపథ్యంలో ఒక పరిశీలన)

దండి మహాకావ్య లక్షణంలో పేర్కొన్న వర్ణనలలో మృగయ లేదు. సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు దానిని వర్ణనీయాంశాలలో చేర్చాడు. శాస్త్రకారుల మాట ఎట్లున్నా కవులు మాత్రం వేటను విడువలేదు. శాకుంతలంలో దుష్యంతుడు రథమెక్కి లేడిని తరుముకొంటూ రంగప్రవేశం చేస్తాడు. రఘువంశం నవమసర్గలో దశరథుడు గుఱ్ఱంపై అడవిని కలచివేస్తాడు. మనుచరిత్రలో స్వరోచి వేట వలలతో, వేటకుక్కలతో, పరివారపు కోలాహలంతో సాగుతుంది. ఇవన్నీ రాజుల వేటలు. వీటిలో బలం, వేగం, వైభవం కనిపిస్తాయి. విల్లు చేతబట్టి, ఒంటరిగా, కాలినడకన, అలికిడి లేకుండా జింకను సమీపించే మనిషి ఈ వర్ణనలలో చాలవరకు కనిపించడు. అయితే మన ఇతిహాస పురాణాలలో వేటకు సంబంధించిన ధర్మవిచారం జరిగిన ఘట్టాలను వరుసగా పరిశీలిస్తే, ఆ ధర్మం రాజుల రథాలపై పుట్టినది కాదనీ, ఆ పాదచారి అనుభవం నుండే పుట్టినదనీ తోస్తుంది. ఆ సంగతిని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పదాల సాక్ష్యం

ముందుగా పదాలు చెప్పే సాక్ష్యం వినవలసి ఉన్నది. ధాతుపాఠం 'మృగ' ధాతువుకు అన్వేషణం అని అర్థం చెప్పింది. మృగం అంటే వెదకబడేది. మృగయ అంటే వెదకడం. 'మార్గణ' శబ్దానికి వెదకడం అనీ, బాణం అనీ, యాచకుడు అనీ మూడు అర్థాలున్నాయి. 'మార్గ' శబ్దాన్ని శుద్ధ్యర్థకమైన 'మృజ్' ధాతువు నుండి సాధించినవారు ఉన్నారు. అన్వేషణార్థం నుండి సాధించినవారూ ఉన్నారు. రెండవ పక్షాన్ని గ్రహిస్తే దారి అనే భావన జంతువు అడుగుజాడ నుండి కలిగినదని చెప్పవలసి వస్తుంది. ఈ పదకుటుంబంలో ఎక్కడా చంపడం అనే అర్థం ప్రధానం కాదు. వెదకడమే ప్రధానం.

అమరకోశం వేటకు ఆచ్ఛోదనం, మృగవ్యం, ఆఖేటం, మృగయ అనే పర్యాయపదాలనూ, వేటగానికి వ్యాధుడు, మృగవధాజీవుడు, మృగయువు, లుబ్ధకుడు అనే పర్యాయపదాలనూ ఇచ్చింది. ఈ చివరి రెండు పదాల నడుమ ఉన్న దూరం గమనింపదగినది. 'లుబ్ధకుడు' అనే పదం బయటినుండి చూచి తీర్పు చెప్పేవాని పదం. అందులో లోభమనే నింద ఉన్నది. 'మృగయువు' అనే పదం పనిని దగ్గరగా చూచినవాని పదం. అందులో అన్వేషణ మాత్రమే ఉన్నది.

జింక పేర్లలోనూ ఇటువంటి సూక్ష్మదృష్టి కనిపిస్తుంది. అమరకోశంలోని 'వాతాయు', 'వాతప్రమి' పదాలు రెండూ గాలితో ముడిపడినవి. 'వాతప్రమి' శబ్దానికి గాలిని కొలిచేది అని వ్యుత్పత్తి చెప్పుకోవచ్చును. వేగానికి ఉపమానంగా మాత్రమే ఈ పేర్లు ఏర్పడినవని సామాన్యంగా చెబుతారు. కాని జింక తన ప్రాణరక్షణకు కంటితోపాటు ముక్కునూ నమ్ముకొంటుందని ఎరిగినవానికి ఈ పేర్లు మరొక విధంగా అర్థమవుతాయి.

తెలుగులో వేటకు సంబంధించిన దేశిపదాలు ఇంకా స్పష్టమైనవి. అమ్ము, కోల, తూపు అనేవి బాణానికి పేర్లు. ములికి దాని మొన. పింజ దాని తుది. అల్లె వింటినారి, దొన అమ్ములపొది. పొంచడం, మాటు వేయడం, జాడ తీయడం అనేవి వేటగాని క్రియలు. అడవిజంతువును ఆకర్షించడానికి పెంచిన జంతువును 'దీమము' అన్నారు. నేటి తరగతి గదిలో ఈ పదాలన్నిటికీ బాణం, విల్లు, జింక అనే మూడు మాటలతో అర్థం చెప్పి సరిపెట్టడం జరుగుతున్నది. దానివల్ల పదాలతోపాటు వాటి వెనుక ఉన్న పనితనమూ మరుగున పడుతున్నది.

2. నేల స్వభావం

ఈ పనితనం ఎట్టిదో తెలియాలంటే దానికి తగిన నేలను చూడాలి. అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి ఋతుపవనం పడమటి కనుమలను దాటి వచ్చేసరికి బలహీనమవుతుంది. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుండి ఇక్కడిదాకా పూర్తిగా చేరదు. సాలుకు సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న, చిత్రావతి, హగరి నదులు సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుకతిన్నెలుగానే ఉంటాయి. ఎఱ్ఱనేలల మీద బోడిగుట్టలు, వాటి నడుమ మిట్టలు, వంకలు, అక్కడక్కడ తుమ్మ, రేగు, కలివి, తంగేడు పొదలు. ఉత్తరభాగంలో నల్లరేగడి మైదానాలు. చెట్ల చాటు తక్కువ. చూపు చాలా దూరం సాగుతుంది.

ఇట్టి నేల కృష్ణసారానికి ఇష్టమైనది. దీనిని తెలుగులో ఇఱ్ఱి అనీ, కృష్ణజింక అనీ అంటారు. జంతుశాస్త్రం దీనిని దుప్పి, కణుజుల వర్గం నుండి వేరుచేస్తుంది. దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు. కృష్ణసారం సహజంగా సంచరించే దేశమే యజ్ఞార్హమైనదని మనుస్మృతి చెప్పింది. ఆ లక్షణాన్ని బట్టి చూస్తే ఈ కరవునేల పవిత్రభూమిగానే లెక్కకు వస్తుంది.

బయలునేలపై మేసే కృష్ణజింకల మందను వింటితో వేటాడడం మిక్కిలి కష్టం. అడవిలోవలె చెట్టుచాటున చేరడానికి వీలులేదు. మందలో ఒక్కటి తల ఎత్తినా తక్కినవన్నీ అప్రమత్తమవుతాయి. అమ్ము సూటిగా తగలాలంటే కొద్ది పదుల గజాల లోపలికి చేరుకోవాలి. అందుకు వేటగాడు గాలికి ఎదురుగా నడవాలి. గాలివాలున నడిచితే అతని వాసన అతనికంటె ముందే మందను చేరుతుంది. వంక లోపలి పల్లాన్ని చాటుగా చేసుకోవాలి. జింక తల వంచి మేసేటప్పుడే కదలాలి. తల ఎత్తినప్పుడు రాయివలె నిలవాలి. గడియలకొద్దీ సాగే ఈ పనిలో విల్లు వంచే సమయం లిప్తపాటు మాత్రమే. తక్కిన సమయమంతా చూడడం, ఓర్చుకోవడం. మృగయ అంటే అన్వేషణం అన్న ధాత్వర్థం ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది.

ఈ పరిజ్ఞానం సంస్కృత కవులలో బాణునికి బాగా తెలుసు. కాదంబరిలో శబరసేన వేట సాగించే ఘట్టంలో వేటగాండ్ర కేకలన్నీ గుర్తుల రూపంలోనే ఉన్నాయి. ఏనుగులు నలిపిన తామరల వాసన, పందులు కొరికిన తుంగముస్తెల వాసన, ఎండుటాకుల చప్పుడు, అడవిదున్నల కొమ్ములు పెకలించిన పుట్టమట్టి ధూళి అనే ఆనవాళ్లతో ఆ వాక్యాలు నడుస్తాయి. అది అలంకారం కోసం కూర్చిన పట్టిక కాదు. ముక్కుతో, చెవితో, కంటితో అడవిని చదివే విద్య.

3. నాలుగు ఉల్లంఘనలు

ధర్మశాస్త్రం వేటను నిందించింది. కామం వల్ల కలిగే పది వ్యసనాలలో మనువు మృగయను మొదట పేర్కొన్నాడు. కౌటిల్యుడు మాత్రం వ్యసనాల తారతమ్యం చర్చించే చోట జూదంకంటె వేటయే హీనమన్న పిశునుని మతాన్ని ఖండించి, వేటలో వ్యాయామం ఉన్నదనీ, కదిలే గురిని కదలని గురిని కొట్టే నేర్పు అలవడుతుందనీ, మృగాల చిత్తవృత్తి తెలుస్తుందనీ అన్నాడు. ఈ రెండు వాదాలూ వేటను రాజుకు సంబంధించిన లాభనష్టాలతోనే తూచాయి. వేట లోపల ఉండవలసిన నియమం ఏమిటో ఇవి చెప్పవు. దానిని కథలు చెబుతాయి. అట్టి కథలు నాలుగు ప్రసిద్ధమైనవి ఉన్నాయి.

మొదటిది దశరథుని కథ. అతడు రాత్రివేళ సరయూతీరంలో, నీటికి వచ్చే జంతువు కోసం మాటు వేశాడు. కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకొని శబ్దవేధి బాణం విడిచాడు. మునికుమారుడు హతుడయ్యాడు. ఇక్కడి ఉల్లంఘన కంటితో చూడక కొట్టడం. కరవునేలపై ఈ కథ బరువు మరింత తెలుస్తుంది. వేసవిలో ఏటి ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే నీటి ఆధారమైనప్పుడు మనిషీ, పశువూ, జింకా అక్కడికే రావాలి. నీటివద్ద మాటు వేయడం వేటలన్నిటిలో సులభమైనది. అందుచేతనే ప్రమాదకరమైనది కూడ. దప్పిగొన్న ప్రాణిని దప్పిక తీర్చుకొనే చోటనే కొట్టడంలో అన్వేషణ లేదు. అన్వేషణ లేనిచోట పొరపాటుకు తావు ఏర్పడింది.

రెండవది పాండురాజు కథ. మృగరూపంలో భార్యతో కూడి ఉన్న కిందముడనే మునిని అతడు బాణాలతో కొట్టాడు. రాజులు మృగాలను వధించడం ధర్మమేనని పాండురాజు అగస్త్యుని ఉదాహరించి వాదించాడు. ముని దానిని కాదనలేదు. సంగమ సమయంలో కొట్టడాన్నే తప్పుపట్టాడు. ఇక్కడి ఉల్లంఘన కాలానికి సంబంధించినది. తన మందను తానే తరిగించుకొనే వేటగానికి మరుసటి ఏడు వేట ఉండదన్న సంగతి పాదచారికి ఎవరూ బోధించనక్కరలేదు.

మూడవది భాగవతంలోని జరుని కథ. చెట్టుక్రింద ఆసీనుడైన కృష్ణుని పాదాన్ని మృగముఖమని భ్రమించి అతడు బాణం వేశాడు. దశరథుడు అసలు చూడలేదు. జరుడు చూచాడు, కాని ఒక అవయవాన్నే చూచి మొత్తాన్ని ఊహించాడు. ఇది తొందరపాటు దోషం. పొదచాటున ఒక చెవినో, ఒక మచ్చనో చూచి విల్లు వంచడానికి మనసు తొందరపడుతుంది. ఆ క్షణంలో ఆగగలిగినవాడే వేటగాడు.

నాలుగవది కిరాతార్జునుల కథ. మూకాసురుడు వరాహరూపంలో అర్జునునిపైకి వచ్చినప్పుడు కిరాతరూపుడైన శివుడూ అర్జునుడూ ఏకకాలంలో బాణాలు వేశారు. ముందుగా గురిపెట్టినవాడు ఎవడన్నది వివాదం. తాను మొదట పట్టిన మృగాన్ని కొట్టడం మృగయాధర్మం కాదని మహాభారతంలో అర్జునుడు కిరాతుని ఆక్షేపించాడు. భారవి ఈ వివాదాన్ని బాణం ఎవరిదన్న ప్రశ్నగా మలిచి, కిరాతుని దూత ద్వారా నడిపించాడు. ఇక్కడి నియమం సహవేటగాని హక్కుకు సంబంధించినది. పలువురు కలిసి బ్రతికే చోట, ఒక్క జంతువు పెక్కు కుటుంబాల ఆకలి తీర్చే చోట, ఈ నియమం లేక వేట సాగదు.

చూచి కొట్టడం, కాలమెరిగి కొట్టడం, పూర్తిగా గుర్తించి కొట్టడం, ఇతరుని వేటను అపహరింపకుండడం అనే ఈ నాలుగు నియమాలూ కలిస్తేనే మృగయాధర్మం. వీటిలో ఏదీ రథవేగానికి గాని, పరివారబలానికి గాని సంబంధించినది కాదు. నాలుగు కథలలోనూ దోషానికి శిక్షగాని, పరీక్షగాని అనుభవించినవారిలో ముగ్గురు క్షత్రియులు. దశరథుడూ పాండురాజూ శాపగ్రస్తులయ్యారు; అర్జునుడు కిరాతుని చేతిలో ఓడిన పిమ్మటనే పాశుపతాన్ని పొందాడు. బోయవాడైన జరుడు మాత్రం క్షమింపబడ్డాడు. తన తప్పును తక్షణమే గుర్తించి పాదాలపై పడినవాడు అతడు ఒక్కడే కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చును.

4. లేపాక్షి సాక్ష్యం

ఈ నాలుగవ కథ అనంతపురం నేలపైననే రంగులలో నిలిచి ఉన్నది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు అనంతపురం జిల్లాలో ఉండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలం నాటిది. ఆయన పాలన 1529 నుండి 1542 వరకు సాగింది. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ ఆలయాన్ని నిర్మించినట్లు ప్రసిద్ధి. మండపం పైకప్పు మీది చిత్రాలలో కిరాతార్జునీయం ఒకటి. అక్కడ దేవుడు వింటిని ధరించిన వేటగాడు. రాజు అతనితో సమానంగా నేలపై నిలిచినవాడు. విజయనగర సైన్యంలో బోయలకు స్థానమున్న కాలంలో, బోయలు నివసించే నేలపై ఈ కథ చిత్రించబడడం సార్థకంగా ఉన్నది. తమను వాల్మీకి వంశీయులుగా చెప్పుకొనే బోయలకు వేటగాడు కవియై, దేవుడై కనిపించే సంప్రదాయం పరాయిది కాదు. పాల్కురికి సోమనాథుడు, ధూర్జటి కీర్తించిన తిన్నడు కూడ ఈ వరుసలోనివాడే.

5. ముగింపు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కృష్ణజింకను వేటాడడం శిక్షార్హమైన నేరం. మందలు తరిగిపోయిన నేలపై అది న్యాయమైన నిషేధం. వేట ఆగడం నష్టం కాదు. వేటతోపాటు జాడ తీసే చూపు, గాలిని ఎరిగే నడక, ఆగగలిగే ఓర్పు మరుగున పడడం మాత్రం నష్టమే. ఆ చూపు లేకపోతే పై నాలుగు కథలూ కేవలం శాపకథలుగా, వరకథలుగా మిగిలిపోతాయి.

అహోబిలంలో సంక్రాంతి పండుగ మరునాడు ఆరంభమయ్యే పారువేట ఉత్సవంలో చెంచులు స్వామి పల్లకికి బాణం వేస్తారు. ఆ బాణం ఎవరి ప్రాణమూ తీయదు. చంపడాన్ని విడిచి, వేటను నిలుపుకొన్న ఒక పద్ధతి అది. సాహిత్యాధ్యయనంలోనూ అట్టి పద్ధతి సాధ్యమే. శాకుంతల ప్రథమాంకం గాని, మనుచరిత్రలోని వేట గాని, నన్నయ అరణ్యపర్వంలోని కిరాతఘట్టం గాని బోధించేటప్పుడు, ఆ పదాలకు పర్యాయపదాలు చెప్పడంతో ఆగక, గాలి ఎటు వీస్తున్నది, జంతువు తల ఎటు ఉన్నది, వేటగాడు ఎక్కడ నిలిచాడు అని విద్యార్థులను ప్రశ్నించవచ్చును. అనంతపురం సీమ విద్యార్థికి ఆ వంకలు, మిట్టలు, చెలమలు తెలిసినవే. వెదకడమే మృగయ అయినప్పుడు, పద్యంలోని జాడను తీయడం కూడ ఆ విద్యలో భాగమే అవుతుంది.