క్యాంపస్ పోలీసులు వాచ్‌మన్లు కారు

అమెరికా చదువులకు కొత్తగా వచ్చే మన పిల్లలకు ఏటా ఆగస్టులో నేను చెప్పే మాటలివి.

1. మన కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డును చూసినట్టు ఇక్కడి క్యాంపస్ పోలీసును చూడొద్దు. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో వీళ్లు అసలైన పోలీసులే. నడుముకు తుపాకీ, చేతిలో అరెస్టు చేసే అధికారం ఉంటాయి. ప్రైవేటుదైన యేల్ యూనివర్సిటీలో కూడా 1894 నుంచే ఈ పద్ధతి ఉంది.

2. కారు ఆపమంటే పక్కకు తీసి ఆపండి, దిగకండి. మన ఊళ్లో ట్రాఫిక్ పోలీసు ఆపితే బండి దిగి, దగ్గరికెళ్లి "సార్, సార్" అంటాం. ఇక్కడ అది ప్రమాదం. రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచండి. లైసెన్సు జేబులో ఉంటే, తీస్తున్నానని చెప్పాకే చెయ్యి కదపండి. డబ్బు ఇవ్వబోయారా, అదే పెద్ద నేరం.

3. మర్యాద వేరు, అడిగినవాటికన్నిటికీ జవాబివ్వడం వేరు. అరెస్టు దాకా వస్తే లాయరు లేకుండా మాట్లాడనని చెప్పండి. మన కాన్సులేట్‌కు కబురు పంపమని అడగండి. రెండూ మీ హక్కులే. అబద్ధం మాత్రం ఆడొద్దు. తాగి కారు నడుపుతూ పట్టుబడితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు కావచ్చు.

4. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయిని చంపేశారు. తాళం పడాల్సిన తలుపులు మూసుకోకుండా ఎవరో అడ్డం పెట్టారు. ఫ్రెండ్ వస్తాడని మీరూ తలుపుకు చెప్పు అడ్డం పెడతారు చూడండి, నా భయమంతా అదే. ఆ తల్లిదండ్రులు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. దాని ప్రకారం క్యాంపస్ పోలీసులు నేరాల చిట్టా రాసి, అడిగినవాళ్లకు చూపించాలి. అద్దె ఎంత, ఇండియన్ స్టోరు ఎంత దూరం అని కనుక్కునే ముందు ఆ చిట్టా చూడండి.

5. పోలీసులమని ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొనమనేవాడు దొంగే. పెట్టేయండి.

6. రాత్రి లైబ్రరీ నుంచి ఇంటిదాకా తోడు పంపే ఏర్పాటు చాలా క్యాంపస్‌లలో ఉంది, డబ్బులక్కర్లేదు. మొహమాటపడకండమ్మా, అడగండి. ప్రాణం మీదికొస్తే 911 చేయండి. మిగతా వాటికి మీ క్యాంపస్ పోలీసు నంబరు ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి.