వైద్యవిద్యలో మరో పాఠం: రోగి మనసు తెలుసుకోవడం

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకసారి మరణశయ్యపై ఉన్న ఒక యువకుణ్ణి పరామర్శించడానికి వెళ్లారు. ఎలా ఉందని అడిగారు. ఆ యువకుడు నొప్పి గురించి గానీ నీరసం గురించి గానీ చెప్పలేదు. అల్లాహ్ కారుణ్యం మీద ఆశ ఉందనీ, తన పాపాలు తలచుకుంటే భయం కలుగుతోందనీ చెప్పాడు. అటువంటి ఘడియలో ఏ దాసుని హృదయంలో ఈ ఆశ, ఈ భయం రెండూ ఉంటాయో, అతను ఆశించినది అల్లాహ్ ప్రసాదిస్తాడనీ, భయపడినదాని నుండి కాపాడతాడనీ ఆయన (సఅసం) అతనికి ధైర్యం చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది.

రోగి దేహం పడకమీద ఉన్నా అతని మనసు మరొక బాధలో ఉండవచ్చు. అడిగితేనే అది బయటపడుతుంది. మరి, రోగిని ఇలా అడగాలని మన డాక్టర్లకు ఎవరైనా నేర్పుతున్నారా? ఈ విషయాన్ని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

అమెరికాలో మొదలైన ప్రయత్నం

1994లో అమెరికాలో ఆసుపత్రుల్లో చేరిన 203 మంది రోగులపై జరిపిన ఒక అధ్యయనం ప్రచురితమయింది. వైద్యులు తమ ఆధ్యాత్మిక అవసరాలను కూడా పట్టించుకోవాలని నూటికి 77 మంది అన్నారు. డాక్టరు తమతో విశ్వాసం గురించి ఎన్నడూ మాట్లాడలేదని నూటికి 68 మంది చెప్పారు. అంటే రోగులు కోరుకుంటున్నారు, డాక్టర్లు అడగడం లేదు.

ఈ లోటును గుర్తించిన వారిలో డాక్టర్ క్రిస్టీనా పుచాల్‌స్కీ ఒకరు. ఆమె వాషింగ్టన్ నగరంలోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ అంశాన్ని వైద్యవిద్యార్థులకు బోధించడం ప్రారంభించారు. 1999లో అమెరికా వైద్య కళాశాలల సంఘం తన నివేదికలో ఆధ్యాత్మికతను కూడా విద్యార్థులు నేర్చుకోవలసిన అంశాల్లో చేర్చింది. 2001లో ఆ విశ్వవిద్యాలయంలోనే ఆధ్యాత్మికత, ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది.

నాలుగు ప్రశ్నలు

విద్యార్థులకు నేర్పే పద్ధతి చాలా తేలికైనది. దానికి ‘ఫికా’ అని పేరు. రోగి చరిత్ర రాసుకునేటప్పుడు నాలుగు విషయాలు అడగాలి:

1. మీ విశ్వాసం ఏమిటి? కష్టకాలంలో మీకు ధైర్యాన్నిచ్చేది ఏది?
2. మీ జీవితంలో దానికి ఎంత ప్రాముఖ్యం ఉంది? వైద్యం విషయంలో మీ నిర్ణయాలపై దాని ప్రభావం ఉందా?
3. మీకు అండగా నిలిచే వారు, మీరు కలిసి ఆరాధించే వారు ఉన్నారా?
4. ఈ విషయాల్లో మా నుండి మీరు ఏమి ఆశిస్తున్నారు?

ఈ ప్రశ్నలు అడగడానికి పట్టేది కొద్ది నిమిషాలే. కాని అడిగిన తర్వాత మౌనంగా వినడం విద్యార్థికి కష్టమైన పని. అందుకే దాన్ని రోగుల దగ్గరే సాధన చేయిస్తారు.

ఇక్కడ ఒక హద్దు ఉంది. తెల్లకోటు వేసుకున్న డాక్టరు రోగికి మతబోధ చేయకూడదు. రోగి నిస్సహాయ స్థితిలో ఉంటాడు, డాక్టరు మాట కాదనలేడు. అతని విశ్వాసం ఏదైనా, అసలు విశ్వాసమే లేకపోయినా గౌరవించాలి. ధార్మిక సలహా అవసరమైతే అది తెలిసిన వారి దగ్గరకు పంపాలి. ధర్మం విషయంలో బలవంతం లేదన్న దివ్యఖుర్‌ఆన్ బోధను ఎరిగిన మనకు ఈ నియమం కొత్తది కాదు.

అడగకపోతే ఏమవుతుంది?

2001లో ప్రచురితమైన మరో అధ్యయనం చూడండి. ఆసుపత్రిలో చేరిన, 55 ఏళ్లు, అంతకు పైబడిన 596 మందిని రెండేళ్లపాటు గమనించారు. దేవుడు తనను వదిలేశాడనీ, తనను ప్రేమించడం లేదనీ కుమిలిపోయే వారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ దిగులే మరణానికి కారణమని దీన్నిబట్టి తేల్చిచెప్పలేం. కాని అలాంటి రోగిని ఎవరో ఒకరు గుర్తించి పలకరించాలన్నది మాత్రం స్పష్టం.

మన ఇళ్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. “ఏ పాపం చేశానో, అల్లాహ్ నన్నిలా శిక్షిస్తున్నాడు” అని క్యాన్సర్ వచ్చిన అమ్మీ ఏడుస్తుంది. పరామర్శకు వచ్చిన వారిలో కొందరు ఆ మాటనే బలపరచి వెళతారు. ఇది ఎంత పొరపాటో ఆలోచించండి. హజ్రత్ అయ్యూబ్ (అలై) దైవప్రవక్త. ఆయనకు వచ్చిన వ్యాధి అల్లాహ్ ఆగ్రహానికి గుర్తు కాదు. దైవప్రవక్త (సఅసం)కు తీవ్రమైన జ్వరం వచ్చినప్పుడు హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) చూడటానికి వెళ్లారు. మీలో ఇద్దరికి వచ్చేంత జ్వరం తనకు వస్తుందని ఆయన (సఅసం) చెప్పారు. ముస్లిముకు కలిగే బాధ వల్ల, చెట్టు ఆకులు రాలినట్లు అతని పాపాలు రాలిపోతాయని కూడా శుభవార్త వినిపించారు. మంచం మీద ఉన్న మనిషికి వినిపించవలసింది ఈ శుభవార్తే.

రెండో ఉదాహరణ రమజాన్ ఉపవాసాలు. 2001లో 13 దేశాల్లో 12,243 మంది మధుమేహ రోగులపై ఒక పెద్ద సర్వే జరిగింది. రమజాన్‌లో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సంఘటనలు మిగతా నెలలతో పోలిస్తే మొదటి రకం మధుమేహంలో 4.7 రెట్లు, రెండో రకంలో 7.5 రెట్లు పెరిగాయి. ఇన్సులిన్ తీసుకునే రోగి ఉపవాసం సంగతి చెప్పడు, డాక్టరు అడగడు. మందు మోతాదు మాత్రం మారదు. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే ఒక్క ప్రశ్న అడిగితే ఎంత మేలు! వ్యాధిగ్రస్తునికి అల్లాహ్ ఇచ్చిన సడలింపు ఉందనీ, దాన్ని వాడుకోవడం విశ్వాసంలో లోపం కాదనీ రోగి కూడా తెలుసుకోవాలి.

దుఆ, దవా రెండూ

ఆధ్యాత్మికత అంటే మందులు మానేయడం కాదు. అబూదావూద్ గ్రంథంలోని ఒక ఉల్లేఖనం ప్రకారం, హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయన ఛాతీపై చెయ్యి ఉంచారు. ఆ చల్లదనం ఆయన గుండెకు తాకింది. అంతటితో ఆగకుండా, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని దగ్గరకు వెళ్లమని చెప్పారు. ఓదార్పు, వైద్యం రెండూ ఇందులో ఉన్నాయి.

ముస్లిం పండితులు కూడా ఈ రెంటినీ విడదీయలేదు. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ దేహాల, ఆత్మల శ్రేయస్సు గురించి ఒక గ్రంథం రాశారు. అందులో ఒక భాగం శరీరానికి, మరొకటి మనసుకు. కోపం, భయం, దుఃఖం, వస్‌వసా అనే నాలుగు బాధలను వివరించి, వాటికి ఉపాయాలు చెప్పారు. వైద్యులు శరీరం గురించే రాసి మనసును పట్టించుకోలేదని ఆనాడే ఆయన బాధపడ్డారు.

మన దేశంలో, మన ఇంట్లో

మన దేశంలో 2019లో అప్పటి భారత వైద్యమండలి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికను మార్చి, వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు అనే అంశాలను తప్పనిసరి చేసింది. ఇది మంచి పునాది. రోగి విశ్వాసాన్ని అడిగి తెలుసుకునే పాఠానికి ఇందులో చోటు ఉంది. మన ఇళ్లలోనూ ఎంతోమంది అబ్బాయిలు, అమ్మాయిలు వైద్యం చదువుతున్నారు. ఈ క్రింది విషయాలు వారూ, మనమూ గుర్తుంచుకోవాలి:

1. ఉపవాసం, నమాజు, హలాల్ మందులు, పరదా మొదలైన విషయాల్లో మీ అవసరాన్ని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. సిగ్గుపడకండి.
2. నిలబడి నమాజు చేయలేని రోగి కూర్చుని, అదీ కాకపోతే పక్కకు తిరిగి పడుకుని చేయవచ్చని అతనికి గుర్తుచేయండి. ఈ అనుమతి బుఖారీ హదీసులో ఉంది.
3. పరామర్శకు వెళ్లినప్పుడు జబ్బుకు కారణాలు వెతకకండి. కాసేపు కూర్చుని, రోగి చెప్పేది విని, దుఆ చేసి రండి.
4. మందు మానేసి దుఆ చాలనే వారి మాట వినకండి.
5. వైద్యం చదివే మీ పిల్లలకు చెప్పండి: బాబూ, అమ్మాయీ! ఏ మతస్థుడైన రోగినైనా ఈ బాధలో నీకు ధైర్యమిచ్చేది ఏమిటని అడుగు. అతను చెబుతుంటే గడియారం చూడకు.

రోగిని పరామర్శించని దాసుణ్ణి ప్రళయదినాన అల్లాహ్ నిలదీస్తాడనీ, ఆ రోగిని పరామర్శించి ఉంటే నన్ను అతని దగ్గరే పొంది ఉండేవాడివి అంటాడనీ ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. రోజూ పదుల కొద్దీ రోగులను చూసే వైద్యునికి ఇంతకంటే గొప్ప అవకాశం ఏముంటుంది!

వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! మన వైద్యులకు నైపుణ్యంతో పాటు మృదువైన హృదయాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.