సౌర విద్యుత్తు: ఇంటి లెక్క, పరలోకపు లెక్క

అల్లాహ్ సూర్యుణ్ణి ప్రకాశమానంగా చేశాడనీ, సూర్యచంద్రులను మన సేవలో ఉంచాడనీ దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది (యూనుస్: 5, ఇబ్రాహీమ్: 33). మన పెద్దలు ఆ ఎండలో మిరపకాయలు, చింతపండు ఎండబెట్టుకున్నారు. నేడు అదే ఎండ మిద్దెల మీద కరెంటుగా మారుతోంది. కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో 2025 జనవరిలో ఇంటింటికీ సౌర విద్యుత్తు అందించే పని ప్రారంభమైంది. మదనపల్లె, పుంగనూరు ఇళ్లలోనూ ఈ మాట వినబడుతోంది.

పుంగనూరులో కుట్టుమిషనుతో ఇల్లు నడుపుకునే ఒక సోదరి మమ్మల్ని ఇలా అడిగింది: "హజ్రత్, నెలనెలా కరెంటు బిల్లు కట్టే బదులు బ్యాంకు కంతు కడితే సరిపోతుందంటున్నారు. అప్పు తీసుకోవచ్చా?"

ఇందులో రెండు విషయాలున్నాయి. మొదటిది సబ్సిడీ. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేక అంతకు మించితే 78 వేల రూపాయలు కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. ఇది సహాయం, ఇందులో వడ్డీ లేదు. నిజమైన వివరాలిచ్చి తీసుకోవడం ధర్మసమ్మతమే.

రెండవది అప్పు. సబ్సిడీ సొమ్ము పలకలు బిగించిన తర్వాతే ఖాతాలో పడుతుంది. ముందుగా డబ్బు కావాలి గనుక చాలామంది వడ్డీ అప్పు వైపు చూస్తారు. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు (అల్ బఖర: 275). ప్రాణం మీదికి వచ్చిన అవసరం వేరు, సౌకర్యం వేరు. ఆ ఇంట్లో ఇప్పటికే కరెంటు ఉంది. బిల్లు తగ్గడం కోసం వడ్డీ పత్రం మీద సంతకం చేయరాదు.

మరి మార్గమేమిటి? ముందు బిల్లు చూడండి. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి అది చాలు. పొరుగువారిని చూసి మూడు కిలోవాట్లు పెట్టించనక్కరలేదు. బ్యాటరీ లేని సాధారణ ఏర్పాటు కరెంటు పోయినప్పుడు పనిచేయదన్నది కూడా ముందే తెలుసుకోండి.

మిగిలిన సొమ్ము కొంత కూడబెట్టుకోవాలి, కొంత బంధువుల నుండి ఖర్జె హసనాగా తీసుకోవాలి. సబ్సిడీ రాగానే ఆ మేరకు బాకీ తీర్చేయవచ్చు. గడువుతో సహా వ్రాసుకోండి (అల్ బఖర: 282). ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమని కూడా అదే సూరా చెబుతోంది (280).

కరెంటు ఉచితంగా వస్తోందని పగలంతా ఫ్యాన్లు, లైట్లు వృధాగా వదిలేయకూడదు. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృధా చేయరాదన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ ఇబ్న్ మాజాలో ఉంది.

ఆ సోదరికి మేము చెప్పిన జవాబు ఇదే. అయితే ఆమె వడ్డీ గడప తొక్కకుండా ఉండాలంటే, చేతిలో సొమ్మున్న అన్నదమ్ములు ముందుకు రావాలి. మీ బంధువుల్లో అలాంటి ఇల్లు ఉందేమో ఈ జుమా లోపల విచారించండి. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.