కీళ్ళవాతము – అలసట – నడక

రుమటాయిడ్ కీళ్ళవాతమనగానే వాచిన వ్రేళ్ళు, ఉదయము బిగిసిన కీళ్ళు మనకు స్ఫురించును. కాని రోగిని మిక్కిలి క్రుంగదీయునది తరచుగా అలసటయే. ఇది సోమరితనము కాదు. శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్ళపైననే తిరుగబడుటచే కలుగు వాపు, నొప్పివలన చెడిన నిద్ర, రక్తహీనత, కదలిక లేక క్షీణించిన కండరములు దీనికి కారణములు.

2013లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో 6 పరిశోధనలు, 388 మంది రోగులు శారీరక వ్యాయామమునకు సంబంధించినవారు. వ్యాయామము అలసటను తగ్గించునని తేలినది. ఆ ఫలితము స్వల్పమేనని కూడ చెప్పవలెను.

ఈ వ్యాధి స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. “పొద్దస్తమానం కయ్యల్లో వంగి చేస్తా ఉండాం, ఇంక కసరత్తెందుకు?” అని ఏర్పేడు ప్రాంతపు స్త్రీ అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. అయితే కూలిపనిలో నొప్పి పుట్టినను ఆగుటకు వీలు లేదు. వ్యాయామమునకు మోతాదు కలదు. మొదట చల్లని ప్రొద్దున చదునైన బాటపై పది నిమిషముల నడక చాలును. మరునాడు అలసట పెరగనిచో వారమువారము కొంచెము పెంచవచ్చును. వాచి వేడెక్కిన కీలుపై మాత్రము భారము మోపరాదు, మెల్లగా కదల్చవలెను. మందులు మానరాదు. తిరుపతిలో రుయా, స్విమ్స్ వైద్యశాలలు కలవు గనుక ముందుగా రక్తహీనతకు పరీక్ష చేయించుకొని, వైద్యుని అడిగి నడక మొదలిడుట మేలు.