షిఫ్రా, పూయా - నిర్గమకాండము 1:15-21

మగబిడ్డలను చంపుడని ఫరో ఆజ్ఞాపింపగా మంత్రసానులైన షిఫ్రా, పూయా అనువారు దేవునికి భయపడి ఆ పని చేయకుండిరి. రాజాజ్ఞ పురిటిగదిలోనికి వచ్చెను గాని గడప దాటలేకపోయెను.

మన దేశమందును అట్టి కాలము వచ్చెను. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. 1976-77లో సుమారు 83 లక్షల మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిరి. ఇందరిని తేవలెనని ఉద్యోగులకు లెక్క కట్టిరి. తేలేనివారికి అనేక చోట్ల జీతములు నిలిపిరి. ఉత్తరాదిన బలవంతము మిక్కుటమాయెను. ప్రాణములు పోయిన సంగతులను తరువాత షా కమిషన్ విచారించెను.

బిడ్డలను మితముగా కనుట తప్పని మేము చెప్పము. అనంతపురము మెట్టపొలములో వాన తప్పి శెనగకాయ ఎండినయేడు ఎందరికి గంజి పోయగలదో తల్లికి తెలియును. ఆ లెక్క భార్యాభర్తలది, అధికారిది కాదు. కరవునాడు రూకలు చూపి సంతకము అడిగినచో, ఆకలిగొన్నవాడు ఔననును. అది సమ్మతియా?

1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హులను చేసెను. 2024లో శాసనసభ దానిని తొలగించెను. ఇప్పుడు ఎక్కువమందిని కనుడని ఏలికలే చెప్పుచున్నారు!

స్త్రీల సమాజములు ఈ వచనములను చదివి, ముందుగా మన సంఘములోని నర్సమ్మలను, మంత్రసానులను మాటలాడనియ్యవలెనని కోరుచున్నాము.