చెరలో ఉన్నవానికి పూచీ ఎవరు?



శ్రీసభ మనకు నేర్పే శారీరక దయాకార్యాలు ఏడు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, దప్పిగొన్నవారికి నీళ్ళివ్వడం, బట్టలు లేనివారికి బట్టలివ్వడం, నిలువ నీడ లేనివారికి చోటివ్వడం, రోగులను పరామర్శించడం, చెరలో ఉన్నవారిని చూడడం, చనిపోయినవారిని సమాధి చేయడం. మన విచారణలలో వీటిలో ఆరింటిని ఏదో ఒక రూపంలో చేస్తూనే ఉన్నాం. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఊరంతా కదలివస్తుంది. జ్వరంతో పడివున్నవారికి జావ కాచి తీసుకుపోయే తల్లులు ప్రతి పల్లెలోను ఉన్నారు. కాని ఒకడు జైలుకు పోయాడని తెలిస్తే, నిన్నటిదాకా ఆ ఇంట్లో చాయ తాగినవారు సైతం తల తిప్పుకొని పోతారు. ఈ ఒక్క దయాకార్యాన్ని కంఠస్థం చేశాం గాని చేతలలోకి తేలేదు. ఈ వారం దానినే పాఠంగా తీసుకుందాం.

1. చూడడమా, విడిపించడమా?

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు తనను చెరలో ఉన్నవానితో ఒకటిగా చేసుకున్నాడు. ఆ ఖైదీ దోషియా, నిర్దోషియా అన్న ప్రశ్న అక్కడ లేదు. మనం వెళ్ళామా, లేదా అన్నదే ప్రశ్న. ఇదే కార్యాన్ని పూర్వకాలపు జ్ఞానోపదేశంలో మరింత గట్టిగా, చెరపట్టబడినవారిని విడిపించుట అని చెప్పేవారు. 1218లో బార్సెలోనా నగరంలో పునీత పీటర్ నోలాస్కో స్థాపించిన మఠసభ ఇందుకోసమే పుట్టింది. ఆ సభ మఠవాసులు మామూలు మూడు మాటపట్టులతో పాటు నాలుగవది కూడా ఇచ్చేవారు. అవసరమైతే బందీకి బదులుగా తామే చెరలో ఉంటామన్నది ఆ నాలుగవ మాటపట్టు.

చూడడానికి, విడిపించడానికి మధ్య ఒక మెట్టుంది. దానిని మనవాళ్ళు పూచీ అంటారు, కోర్టు వాకిట జామీను అంటారు. "ఈ మనిషిని నేనెరుగుదును, ఇతని తరఫున నేను జవాబు చెబుతాను" అని ఒకరు ముందుకు రావడమే పూచీ. పరిశుద్ధ గ్రంథంలో ఈ మెట్టు కనిపిస్తూనే ఉంటుంది. తమ్ముడు బెన్యామీనును క్షేమంగా తిరిగి తెస్తానని యూదా తండ్రి ఎదుట పూచీ పడ్డాడు. పారిపోయి వచ్చిన దాసుడు ఒనేసిము పక్షాన పునీత పౌలు ఫిలేమోనుకు జాబు వ్రాస్తూ, అతడు బాకీ ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. ఆ మాటను తన సొంత దస్తూరితోనే వ్రాశాడు. హెబ్రీయులకు వ్రాసిన లేఖ క్రీస్తు ప్రభువునే శ్రేష్ఠమైన నిబంధనకు పూచీదారుగా చెబుతుంది (7: 22). మన రక్షణ అంతా ఒకరు మన తరఫున నిలబడడం మీదే ఆధారపడి ఉంది. అటువంటి మనం ఇంకొకరి తరఫున నిలబడడానికి జంకితే, మన విశ్వాసంలో ఏదో కొరవడిందనుకోవాలి.

2. పేదవానికి జామీను ఎక్కడిది?

జైలులో ఉన్నవారంతా శిక్ష పడినవారని మనం అనుకుంటాం. అది నిజం కాదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 సంవత్సరాంతానికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు.

వీరిలో కొందరు బెయిలు వచ్చినా బయటకు రాలేరు. కోరుట్ల పక్క పల్లెలో బీడీలు చుట్టే ఒక తల్లి ఉందనుకోండి. కొడుకు కొట్లాట కేసులో కరీంనగర్ జైలులో ఉన్నాడు. జడ్జిగారు బెయిలిచ్చారు, ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతం కాగితమో ఉన్నవారు రావాలి. ఆమెకు కిరాయి ఇల్లు. బంధువులకు కేసంటే భయం. ఒకరోజు బీడీల కూలి వదులుకొని, కొండగట్టు కింది బాటన బస్సులో కరీంనగర్ పోయి, ములాఖత్‌లో కొడుకును చూసి, వట్టి చేతులతో తిరిగి వస్తుంది. ఆ బాటన కొండ ఎక్కి మొక్కులు చెల్లించేవారు వేలమంది పోతుంటారు. వారి మధ్య ఈమె కూడా పోతుంది. ఈమె మొక్కు తీరాలంటే ఇద్దరు మనుషుల సంతకాలు చాలు. అవే దొరకవు.

ఇది ఊహ కోసం చెప్పింది గాని, ఇటువంటి సంగతే 1978లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మోతీరాం అనే తాపీపనివానిని పదివేల రూపాయల పూచీ తెమ్మన్నారు. అతని అన్నదమ్ములలో ఒకరు ముందుకు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి, పేదవాని స్వేచ్ఛను అతని ఆస్తితో తూచరాదని తీర్పు చెప్పారు. ఆ తీర్పు వచ్చి నలభై ఏళ్ళు దాటినా, జామీనుకు మనుషులు దొరకని ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

3. చట్టమే తెరచిన తలుపు

శిక్ష పడవలసిన వానిని సైతం జైలుకు పంపక, మంచి నడవడికకు పూచీకత్తు తీసుకొని విడిచిపెట్టే పద్ధతిని ప్రొబేషన్ అంటారు. దీనికి మూలపురుషుడు న్యాయవాది కాడు, ఒక చెప్పులు కుట్టేవాడు. 1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే ఆయన కోర్టులో ఒక తాగుబోతును చూసి, ఇతనికి నేను పూచీ అన్నాడు. మూడు వారాల గడువు దొరికింది. గడువు తీరి కోర్టుకు వచ్చిన మనిషిని చూసినవారు ఇతడు మునుపటివాడేనా అనుకున్నారట. జైలుకు బదులు ఒక్క సెంటు జరిమానాతో, కోర్టు ఖర్చులతో సరిపెట్టారు. 1859లో చనిపోయేలోగా అగస్టస్ సుమారు రెండు వేల మందికి ఇలా పూచీ పడ్డాడు. ఇంగ్లండులో 1876 నుండి మద్యనిషేధ ధార్మిక సంఘం వారు కోర్టులలో ఈ పని చేశారు. 1907లో అక్కడ చట్టం వచ్చింది. దయ ముందు నడిచింది, చట్టం దాని వెంట వచ్చింది.

మన దేశంలో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 1958లో వచ్చింది. మరణశిక్ష గాని, యావజ్జీవ శిక్ష గాని లేని నేరాలలో కోర్టు నిందితుని స్వభావం, నేరపు తీరు చూచి, మూడేళ్ళకు మించని గడువుకు పూచీకత్తు మీద విడిచిపెట్టవచ్చు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండని వారిని, కారణం వ్రాయకుండా జైలుకు పంపరాదు. ఇలా విడుదలైనవానికి ఆ శిక్ష కారణంగా ఉద్యోగాదులలో అనర్హత అంటదు. మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు 1964లో ఇచ్చిన తీర్పులో ఈ చట్టాన్ని శిక్షా విధానంలో ఒక మైలురాయిగా కొనియాడారు.

ఈ చట్టం 13వ సెక్షనును మన సంఘాల పెద్దలు తప్పక తెలుసుకోవాలి. ప్రొబేషన్ అధికారి ప్రభుత్వోద్యోగే కానక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఒక సేవాసంఘం పంపిన వ్యక్తి కూడా ఆ పని చేయవచ్చు. నిందితుని కుటుంబ పరిస్థితిని విచారించి కోర్టుకు నివేదించడం, విడుదలైనవాని మంచిచెడ్డలు చూడడం, అతనికి తగిన పని వెతికి పెట్టడం, ఇవీ ఆ అధికారి విధులు. ఇవన్నీ మన ఉపదేశులు, మఠకన్యలు పేరు లేకుండా పల్లెలలో చేస్తున్నవే కావా? తలుపు తెరిచే ఉంది. లోపలికి పోయేవారే కరువు.

4. సిరిసిల్ల నుండి దుబాయి దాకా

మన ప్రాంతంలో చెర అంటే కరీంనగర్, జగిత్యాల జైళ్ళే కావు. బ్రతుకుదెరువుకు గల్ఫ్ పోయినవారు అక్కడి జైళ్ళలో పడితే, ములాఖత్‌కు పోయే బస్సు కూడా లేదు. సిరిసిల్ల ప్రాంతపు కూలీలు ఐదుగురి సంగతి పత్రికలలో చదివే ఉంటారు. దుబాయిలో నేపాలుకు చెందిన ఒక కాపలాదారు మరణించిన కేసులో వారు 2005లో జైలు పాలయ్యారు. అక్కడి పద్ధతిలో హతుని కుటుంబం క్షమిస్తే విడుదలకు దారి ఏర్పడుతుంది. సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారక రామారావు నేపాలు వెళ్ళి ఆ కుటుంబాన్ని కలిసి, పదిహేను లక్షల రూపాయలు అందజేసి, క్షమాపత్రం పొందారు. అయినా సంవత్సరాలు గడిచాయి. వారిలో ఇద్దరు ఇల్లు చేరేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. అప్పటికి సుమారు పద్దెనిమిది ఏళ్ళు.

ఇందులో రాజకీయం వెతకవద్దు, పాఠం వెతుకుదాం. ఇక్కడ పూచీ పడినవారు ఎందరో ఉన్నారు. అర్జీలు మోసినవారు, కాగితాలు అనువదించినవారు, డబ్బు సమకూర్చినవారు, అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటి మనిషిని పోగొట్టుకొని కూడా క్షమించిన ఆ నేపాలు కుటుంబం. ఇంకొక సంగతి: పద్దెనిమిది ఏళ్ళ తరువాత ఇల్లు చేరినవానికి, తాను విడిచి వెళ్ళిన పసిబిడ్డలు పెళ్ళీడుకు వచ్చి ఎదురవుతారు. పని ఉండదు, చేతిలో బలముండదు. విడుదల నాడు పూలదండలు వేసినవారు మూడవ నెలలో కనిపించరు. అసలు సహాయం అక్కడే మొదలు కావాలి.

5. బాధితుని మాటేమిటి?

న్యాయమైన ప్రశ్న. దెబ్బ తిన్నవానిని మరచి, కొట్టినవానిని ఓదార్చడం దయ కాదు. ప్రొబేషన్ చట్టం కూడా బాధితునికి నష్టపరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చింది. చేసిన పని చెడ్డది అనడం వేరు, చేసినవాడు ఇక మనిషే కాడనడం వేరు. మొదటిది న్యాయం, రెండవది నిరాశ. పునీత తోమాసుగారు చెప్పినట్లు, దయ న్యాయాన్ని రద్దు చేయదు, దానిని నిండు చేస్తుంది.

కేరళలో పుట్టి మధ్యప్రదేశ్‌లో పేద కూలీల పక్షాన పనిచేసిన సిస్టర్ రాణి మరియా 1995 ఫిబ్రవరి 25న బస్సులో కత్తిపోట్లకు బలి అయ్యారు. చంపిన సమందర్ సింగ్‌ను ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మీ 2002లో జైలుకు వెళ్ళి కలిసి రాఖీ కట్టారు. ఆ కుటుంబం అతని విడుదలను కోరింది. 2006లో అతడు బయటికి వచ్చాడు. 2017 నవంబరు 4న శ్రీసభ రాణి మరియాను ధన్యురాలిగా ప్రకటించింది. ఇక్కడ పూచీ పడింది బాధితులే.

6. మనం చేయదగినవి

కతోలిక శ్రీసభలో ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా అనే స్వచ్ఛంద సేవాసంఘం ఉంది. 1981లో కేరళలో ఇద్దరు గురువిద్యార్థులు ఆరంభించింది నేడు దేశమంతటా వ్యాపించింది. ఔష్విట్స్ శిబిరంలో 1941లో ఒక కుటుంబీకుని స్థానంలో తాను చావుకు నిలబడిన పునీత మాక్సిమిలియన్ కోల్బే వీరి పాలక పునీతుడు. ఆగస్టు రెండవ ఆదివారం చెరసాల సేవా ఆదివారం. ఆ రోజు కానుక వేసి ఊరుకోక, ప్రతి విచారణలో ఐదుగురు ఒక జట్టుగా ఏర్పడితే ఈ పనులు చేయవచ్చు.

మొదటిది, తెలిసిన విషయం చెప్పడం. కస్టడీలో ఉన్న ప్రతివానికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయవాది హక్కుగా లభిస్తాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టం ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడవ వంతు గడిపితే విడుదలకు అర్హుడు. యావజ్జీవ, మరణశిక్షల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.

రెండవది, డబ్బు లేక ఆగిపోయినవారి పేర్లు సరైన చోటికి చేర్చడం. 2023లో కేంద్ర ప్రభుత్వం పేద ఖైదీల కోసం పెట్టిన పథకంలో విచారణ ఖైదీ పూచీకి 40,000 రూపాయల వరకు, శిక్ష పడినవాని జరిమానాకు 25,000 వరకు సహాయం అప్పట్లో నిర్ణయించారు. కొన్ని తీవ్ర నేరాలకు ఇది లేదు. నిర్ణయించేది కలెక్టరు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి మొదలైనవారున్న జిల్లా కమిటీ.

మూడవది, ఖైదీ ఇంటిని వదలకపోవడం. పిల్లల బడి ఫీజు, తల్లికి బస్సు కిరాయి, పండుగనాడు ఒక పలకరింపు. వరంగల్ కేంద్ర కారాగారం 2021లో ఖాళీ చేయబడి, ఖైదీలు చర్లపల్లి మొదలైన చోట్లకు తరలిన తరువాత, ములాఖత్ ఎందరికో మరింత దూరభారమైంది.

నాలుగవది, విడుదలైనవానికి పని. మన బడిలో, గుడి కట్టడంలో, తెలిసిన దుకాణంలో ఒక చోటు చూపండి.

అయిదవది, జామీను. సామెతల గ్రంథం తొందరపడి పూచీ పడవద్దని ఒకటికి నాలుగుసార్లు హెచ్చరిస్తుంది. ఆ మాటను తోసివేయరాదు. కనుక మనిషిని, ఇంటిని తెలుసుకొన్న తరువాతే, న్యాయవాదితో మాట్లాడి, ఒక్కరు గాక జట్టుగా ఆలోచించి నిలబడాలి. నిలబడ్డాక ప్రతి పేషీకి అతడు హాజరయ్యేలా వెంట ఉండాలి. కేవలం సంతకం చేసి మరచిపోయేది పూచీ కాదు.

ధ్యానానికి

మన విచారణలో జైలులో ఉన్నవారి ఇళ్ళు ఎన్ని? వారి పేర్లు మనకు తెలుసా? దివ్యబలిపూజలో విశ్వాసుల ప్రార్థనలో ఎప్పుడైనా వారిని తలచామా? నా కుమారునికే ఈ గతి పడితే, ఎవరు వచ్చి నిలబడాలని కోరుకుంటాను?

జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు 2025 ఏప్రిల్ 17, పవిత్ర గురువారం నాడు, నీరసించిన శరీరంతోనే రోమునగరంలోని రెజీనా చేలీ జైలుకు వెళ్ళారు. నాలుగు రోజుల తరువాత పరమపదించారు. మనకు జగిత్యాల జైలు అంత దూరం కాదు. ఈ ఆదివారం పూజ తరువాత మీ విచారణ గురువును కలిసి, ఆ ఐదుగురిలో నా పేరు వ్రాయండి అని చెప్పండి.